వెలుతురు కొలిచే మీటర్: మా వారాంతపు లీగ్‌లో ఒక సీజన్ వాడిన తర్వాత

హన్మకొండ, కాజీపేట మైదానాల్లో ఏటా చలికాలంలో జరిగే మా వారాంతపు లీగ్ కోసం అంపైర్లమంతా చందా వేసుకుని ఒక డిజిటల్ లక్స్ మీటర్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) కొన్నాము. సీజన్ ఆసాంతం దానిని మైదానంలో వాడాము కనుక, ఇలాంటి పరికరం కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న ఇతర లీగ్‌ల నిర్వాహకులకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. మీటర్ కొనదగినదే. కానీ ఎంత వెలుతురులో ఆడవచ్చో, ఎంతకు తగ్గితే ఆడకూడదో అది చెప్పదు. మొదటి జట్టు బ్యాటింగ్ చేస్తున్నప్పుడు ఏ వెలుతురు దగ్గర ఆట ఆపామో, రెండో జట్టు విషయంలోనూ అక్కడే ఆపామా లేదా అన్నది చెబుతుంది. ఆ ఒక్క పనికే దానికి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. అయితే ఆగిన ఆటకు సమయాన్ని ఎలా లెక్కకట్టాలో లీగ్ నిబంధనల్లో ముందే రాసుకోకపోతే, ఎంత మంచి మీటర్ ఉన్నా తగాదా తీరదు.

పరికరం అరచేతిలో పడుతుంది. పెట్టె పైభాగాన తెర, కింద రేంజ్ మార్చే బటన్, పక్కనే అంకెను నిలిపి ఉంచే హోల్డ్ బటన్, వెనుక తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటాయి. పెట్టె నుంచి చుట్టలు తిరిగిన తీగ ఒకటి బయటికి వస్తుంది. దాని చివర తెల్లని చిన్న గోపురం ఉన్న సెన్సర్ ఉంటుంది. గోపురం కింద వెలుతురును విద్యుత్తుగా మార్చే సిలికాన్ ఫోటోడయోడ్, దాని మీద మనిషి కన్ను వెలుతురును గ్రహించే తీరుకు దగ్గరగా కిరణాలను వడపోసే ఫిల్టర్ అమర్చారు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నేల మీద పడే వెలుతురు లక్ష లక్స్ దాటుతుంది. దట్టంగా మొగులు పట్టిన పగటి పూట అది పది వేలకు అటూ ఇటూ ఉంటుంది. పొద్దు గుంకే వేళకు కొన్ని వందలకు పడిపోతుంది. మేము కొన్న మోడల్ యాభై వేల లక్స్ వరకే చూపుతుంది కాబట్టి, మధ్యాహ్నం ఎండలో పెడితే తెర మీద ఎడమ పక్కన ఒక్క ‘1’ అంకె మాత్రమే నిలబడుతుంది. దీనిని లోపంగా చూడనవసరం లేదు, ఎందుకంటే క్రికెట్‌లో వెలుతురు గురించి మాట వచ్చేది మీటర్ ఐదు వేల కిందికి దిగిన తర్వాతే.

మా దగ్గర ఈ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. నవంబరు చివరి నుంచి జనవరి మొదటి వారాల దాకా వరంగల్‌లో పొద్దు ఐదున్నరకూ ఆరింటికీ మధ్య గుంకుతుంది. పడమర దిక్కున పెద్ద చెట్లున్న మైదానంలోనైతే నీడ పిచ్ మీదికి అంతకంటే చాలా ముందే వచ్చేస్తుంది. వరి కోతలైన పొలాల నుంచి పొగ లేచే రోజుల్లో సాయంత్రం మరింత మసకబారుతుంది. పొద్దున పొగమంచు వల్ల ఆట ఆలస్యంగా మొదలైందంటే, పొద్దున పోయిన ఓవర్లను సాయంత్రం పూడ్చుకోవాలనుకుంటాము. తీరా సాయంత్రం వెలుతురే ఉండదు. ఆ సమయంలో బ్యాటింగ్ చేస్తున్న కెప్టెన్ వచ్చి “అన్నా, బాల్ కనవడ్తలేదు” అంటాడు. ఫీల్డింగ్ కెప్టెన్ వచ్చి “ఇంక నాలుగు ఓవర్లే గదన్నా, ఆడనియ్యండి” అంటాడు. వారం తిరిగేసరికి వాళ్లిద్దరి స్థానాలు మారతాయి, మాటలూ మారతాయి. ఎవరూ అబద్ధం చెబుతున్నారని నేను అనను. ఓడిపోయేలా ఉన్న జట్టుకు చీకటి ముందుగా కనిపిస్తుంది, గెలిచేలా ఉన్న జట్టుకు ఆలస్యంగా కనిపిస్తుంది. మధ్యలో నిలబడిన అంపైర్‌కు మాత్రం కంటి అంచనా తప్ప చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ విషయంలో క్రికెట్ చట్టం స్పష్టంగానే ఉంది. మైదానం, వాతావరణం, వెలుతురు ప్రమాదకరంగా ఉన్నాయా, ఆడించడం సమంజసం కాదా అన్నది తేల్చవలసింది ఇద్దరు అంపైర్లు మాత్రమే. ఆటగాడికో అంపైర్‌కో దెబ్బ తగిలే ముప్పు నిజంగా, ముందే ఊహించగలిగేంతగా ఉంటే ఆ పరిస్థితి ప్రమాదకరం. పరిస్థితులు అనుకున్నంత బాగా లేవన్న ఒక్క కారణంతో ఆట ఆపకూడదని కూడా చట్టం చెబుతుంది. 2010 అక్టోబరు వరకూ పద్ధతి వేరుగా ఉండేది. వెలుతురు తగ్గిందని అంపైర్లు భావిస్తే, ఆడతారా వెళ్తారా అని బ్యాట్స్‌మెన్‌ను అడిగేవారు. అప్పుడు బ్యాట్స్‌మన్ తన జట్టు స్కోరు చూసుకుని జవాబు చెప్పేవాడు, అది సహజమే. ఆ వెసులుబాటు తీసేయడం క్రికెట్‌కు మేలు చేసిన మార్పు అని నా అభిప్రాయం. మన ప్రాంతంలోని చాలా మైదానాల్లో మాత్రం ఇప్పటికీ “బ్యాటింగ్ వాళ్లను అడగండి సార్” అనే మాట వినబడుతూనే ఉంది.

అంతర్జాతీయ మ్యాచ్‌ల నిబంధనల్లో మీటర్‌కు ఇచ్చిన పని కూడా పరిమితమే. వెలుతురు పెరిగిందా తగ్గిందా అని తెలుసుకోవడానికి, ఒకసారి ఆట ఆపినప్పటి కొలతను ఆ విరామానికీ, ఆ మ్యాచ్‌కూ, అవసరమైతే ఆ సిరీస్‌కూ ప్రమాణంగా పెట్టుకోవడానికి అంపైర్లు మీటర్‌ను వాడవచ్చు. ఇన్ని లక్స్ దగ్గర ఆట ఆపాలి అనే అంకె ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. దుకాణంలో ఈ పరికరం కొనేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న అదే కనుక ఈ సంగతి నొక్కి చెబుతున్నాను. మొదటి నిర్ణయం అంపైర్ల కళ్లు చేస్తాయి. ఆ నిర్ణయాన్ని మీటర్ గుర్తుపెట్టుకుంటుంది.

గుర్తుపెట్టుకోవడం ఎందుకంత ముఖ్యమో రెండు టెస్టులు పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. 2000 డిసెంబరులో కరాచీలో ఇంగ్లండ్‌కు 44 ఓవర్లలో 176 పరుగుల లక్ష్యం వచ్చింది. పాకిస్తాన్ ఓవర్లు నెమ్మదిగా వేస్తూ పోయింది, ఆ జట్టు కెప్టెన్ మోయిన్ ఖాన్ వెలుతురు లేదని పదే పదే చెప్పాడు, అంపైర్ స్టీవ్ బక్నర్ ఆట ఆపలేదు. చివరి పరుగులు వచ్చేసరికి బంతి ఎటు పోతోందో ఫీల్డర్లకే సరిగా కనిపించని చీకటి. ఇంగ్లండ్ ఆరు వికెట్ల తేడాతో గెలిచింది. ఆ మైదానంలో అంతవరకూ ఒక్క టెస్టూ ఓడని పాకిస్తాన్ రికార్డు అక్కడ ముగిసింది. 2013 ఆగస్టులో లండన్‌లోని ఓవల్‌లో జరిగిన యాషెస్ చివరి టెస్టులో ఆస్ట్రేలియా కెప్టెన్ మైఖేల్ క్లార్క్ డిక్లేర్ చేసి, అంటే తమ ఇన్నింగ్స్‌ను తామే మధ్యలో ముగించి, ఇంగ్లండ్‌కు 44 ఓవర్లలో 227 పరుగుల లక్ష్యం పెట్టాడు. ఇంగ్లండ్‌కు 24 బంతుల్లో 21 పరుగులు, చేతిలో ఐదు వికెట్లు ఉన్న దశలో అంపైర్లు వెలుతురు లేదని ఆటగాళ్లను బయటికి తీసుకువెళ్లారు. నిండిన స్టేడియం నిరసన తెలిపింది. ఈ రెండింటిలో ఏది సరైన నిర్ణయం అని ఎంతసేపైనా వాదించవచ్చు. నా దృష్టిలో కరాచీలో ఆట ప్రమాదకరమైన చీకట్లోకి వెళ్లింది, ఎంత నెమ్మదిగా ఓవర్లు వేసిన జట్టుకైనా అది శిక్ష కాకూడదు. ఓవల్‌లో ప్రేక్షకులకు బాధ కలిగినా, అంపైర్లు నిలబడిన నేల గట్టిది.

మన దేశంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2021 నవంబరులో కాన్పూర్ గ్రీన్ పార్క్‌లో న్యూజిలాండ్ 284 లక్ష్యంతో ఆడుతూ 155 దగ్గర తొమ్మిదో వికెట్ పోగొట్టుకుంది. చివరి జోడీ రచిన్ రవీంద్ర, అజాజ్ పటేల్ 52 బంతులు కాచుకున్నారు. ఓవర్ ఓవర్‌కూ మధ్య అంపైర్లు నితిన్ మేనన్, వీరేందర్ శర్మ మీటర్ తీసి చూడడం టీవీలో చూసిన వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఒక్క వికెట్ దూరంలో భారత్ ఆగిపోయింది, మ్యాచ్ డ్రా అయింది. గెలుపు చేజారినందుకు ఆ సాయంత్రం నేనూ చాలా బాధపడ్డాను. కానీ సొంతగడ్డ మీద, సొంత దేశపు అంపైర్లు, గెలవబోతున్న సొంత జట్టును ఆపవలసి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఒక అంకె ఉండడం ఎంత అవసరమో అక్కడే నాకు బోధపడింది. మా లీగ్‌లో మీటర్ కొందామన్న ప్రతిపాదనకు మూలం ఆ మ్యాచే.

ఇక పరికరం పనితీరు. ముందుగా పట్టుకునే తీరు గురించి చెప్పాలి, ఎందుకంటే మీటర్ ఎంత ఖచ్చితమైనదైనా దానిని ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పట్టుకుంటే కొలతలకు అర్థం ఉండదు. చెట్ల వెనక్కు సూర్యుడు పోయిన తర్వాత క్రీజ్ దగ్గర గోపురాన్ని ఆకాశం వైపు పెట్టి చూస్తే రెండు వేలకు పైన చూపిన మీటర్, అదే చోట అదే ఎత్తులో బ్యాట్స్‌మన్ వైపు తిప్పితే దాదాపు సగానికి తగ్గింది. ఆకాశం వైపు తిప్పినప్పుడు గోపురానికి ఆకాశమంతా కనబడుతుంది, నిలువుగా తిప్పినప్పుడు సగమే కనబడుతుంది. బ్యాట్స్‌మన్‌కు కనిపించేది బంతి తన వైపు ఉన్న ముఖం. దాని మీద పడే వెలుతురును కొలవాలంటే గోపురం అతని వైపే చూడాలి. అందుకని పిచ్ మధ్యలో, ఛాతీ ఎత్తున, గోపురం స్ట్రైకర్ ఎండ్ వైపు ఉండేలా పట్టుకోవాలని, రెండు చివర్ల వైపూ తిప్పి కొలిచి తక్కువ వచ్చినదాన్నే రాయాలని నియమం పెట్టుకున్నాము. ఇక్కడ తీగ ఉన్న మోడల్ ఎంత ఉపయోగమో తెలిసింది. సెన్సర్‌ను చేయి చాపి దూరంగా పట్టుకోవచ్చు, అంపైర్ టోపీ నీడ గానీ తెల్ల చొక్కా మీద నుంచి తిరిగి వచ్చే వెలుతురు గానీ దాని మీద పడవు. హోల్డ్ నొక్కితే అంకె నిలిచిపోతుంది, దానిని తీసుకెళ్లి రెండో అంపైర్‌కూ ఇద్దరు కెప్టెన్లకూ చూపవచ్చు.

అంకె నిలకడగా ఉండడంలో ఈ మోడల్‌కు మంచి మార్కులు వేస్తాను. ఒకే చోట వెంటవెంటనే కొలిస్తే తేడా చాలా స్వల్పంగా వచ్చింది. అసలు విలువ ఎంత అన్నది ఏ కొంచెమో అటూ ఇటూ ఉండవచ్చు, మాకు దానితో పనిలేదు. శనివారం కొలిచిన మీటరే ఆదివారం కూడా కొలిస్తే చాలు. అందుకే మ్యాచ్ మధ్యలో ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కు మారకూడదని కూడా రాసుకున్నాము. డబ్బు ఖర్చు ఎందుకు, ఫోన్‌లో యాప్ వేసుకుంటే సరిపోదా అని చాలామంది అడిగారు. సరిపోదు. ఫోన్‌లో ఉండే వెలుతురు సెన్సర్ తెర కాంతిని సర్దడానికి పెట్టినది. ఒకే మైదానంలో పక్కపక్కన పెట్టిన వేర్వేరు కంపెనీల ఫోన్లు ఒకదానికొకటి పొంతన లేని అంకెలు చూపాయి, తెర మీద అంటించిన గ్లాసు మారినా అంకె మారింది. బ్యాట్స్‌మన్ తన ఫోన్‌లో ఒక అంకె, బౌలర్ తన ఫోన్‌లో ఇంకో అంకె చూపించుకోవడం మొదలైతే పాత తగాదాకు కొత్త తగాదా తోడవుతుంది.

లోపాలు లేవని కాదు. రేంజ్‌ను మనమే మార్చుకోవాలి. వెలుతురు వేగంగా పడిపోయే ఆ ఇరవై నిమిషాల్లో ఒక రేంజ్ నుంచి ఇంకో రేంజ్‌కు మార్చినప్పుడు అంకె పక్కన సున్నా ఉందో లేదో పొరపాటు పడే అవకాశం ఉంది. తెరకు వెనుక కాంతి లేదు, అంటే చీకటిని కొలిచే పరికరాన్ని చీకట్లో చదవడం కష్టం. హోల్డ్ చేసి వెలుతురు ఉన్న చోటికి తీసుకెళ్లి చదువుకోవాలి. బ్యాటరీ మూత సన్నగా ఉంది, జేబులో పెట్టుకుని ఫైన్ లెగ్ దాకా నడిచి వచ్చేసరికి ఊడిపోయింది. గోపురానికి ఇచ్చిన మూత పోగొట్టుకుంటే దుమ్ము చేరుతుంది. మా పిచ్‌ల ఎర్రదుమ్ము తెల్ల గోపురం మీద పొరలా పేరుకుంటుంది, మ్యాచ్‌కు ముందు మెత్తటి పొడిగుడ్డతో తుడవకపోతే కొలత తగ్గుతుంది.

వీటికంటే పెద్ద పరిమితి ఇంకొకటి ఉంది, అది ఏ కంపెనీ మీటర్‌కైనా తప్పదు. మీటర్ పడే వెలుతురును కొలుస్తుంది, బంతి కనబడడాన్ని కొలవలేదు. అరవై ఓవర్లు ఆడిన ఎర్ర బంతి నల్లబడి ఉంటుంది. బౌలర్ వెనుక సైట్‌స్క్రీన్ లేకుండా చెట్ల కొమ్మలు ఉంటే, తెల్లటి తెర ఉన్న మైదానంలో హాయిగా ఆడగలిగిన వెలుతురు ఇక్కడ ప్రమాదకరం అవుతుంది. మా లీగ్‌లో కొన్ని మైదానాల్లో గుడ్డతో కుట్టిన తెర మాత్రమే ఉంది, కొన్నింట్లో అదీ లేదు. కనుక ఒక మైదానం అంకెను ఇంకో మైదానానికి వర్తింపజేయకూడదు. ఫ్లడ్‌లైట్లు ఉన్నంత మాత్రాన ఈ చిక్కు తీరదని పెద్ద మ్యాచ్‌లు కూడా చూపాయి. 2019 జనవరిలో సిడ్నీలో భారత్ ఆస్ట్రేలియాను ఫాలోఆన్ ఆడించింది (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడిన జట్టుతో వెంటనే రెండో ఇన్నింగ్స్ ఆడించడమే ఫాలోఆన్), సొంతగడ్డ మీద ఆస్ట్రేలియా ఫాలోఆన్ ఆడడం 1988 తర్వాత అదే మొదటిసారి. కానీ దీపాలు వెలుగుతుండగానే వెలుతురు చాలదని నాలుగో రోజు ఆట ఆగింది, అయిదో రోజును వాన తినేసింది, గెలవవలసిన టెస్టు డ్రా అయింది. సగం పగలు సగం దీపాల వెలుగులో ఎర్ర బంతిని చూడడం కష్టం. గులాబీ బంతితో రాత్రి టెస్టులు 2015లో అడిలైడ్‌లో మొదలై 2019లో కోల్‌కతాకు వచ్చింది అందుకే.

ఎండ ఎక్కువై ఆట ఆగిన సందర్భమూ ఉంది. 2019 జనవరిలోనే న్యూజిలాండ్‌లోని నేపియర్‌లో భారత్ వన్డే ఆడుతుండగా, తూర్పు పడమరలుగా ఉన్న పిచ్ మీద వాలుతున్న సూర్యుడు నేరుగా బ్యాట్స్‌మన్ కళ్లలో పడ్డాడు. దాదాపు అరగంట ఆట ఆపారు, తర్వాత లక్ష్యాన్ని 49 ఓవర్లలో 156గా సవరించారు. మన జిల్లాల్లో బడి మైదానాల పిచ్‌లు జాగా దొరికిన దిక్కున వేసుకున్నవే ఎక్కువ కాబట్టి ఈ సమస్య మనకు కొత్త కాదు. ఇక్కడ మీటర్ ఐదంకెల కొలత చూపిస్తూ ఉంటుంది, బ్యాట్స్‌మన్‌కు మాత్రం బంతి కనిపించదు. అలాంటప్పుడు మీటర్‌ను జేబులో పెట్టి చట్టంలోని ‘ప్రమాదకరం’ అన్న ప్రమాణాన్నే ఆశ్రయించాలి.

ఇప్పుడు పోయిన సమయం సంగతి. మీటర్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఇది ఉండదు, కానీ మీటర్ విలువ సగం దీని మీదే ఆధారపడి ఉంది. టెస్టుల్లో రోజుకు కనీసం 90 ఓవర్లు వేయాలి, ఆట ఆగితే నాలుగు నిమిషాలకు ఒక ఓవర్ చొప్పున కోస్తారు. వన్డేల్లో ఓవర్‌కు 4.2 నిమిషాల లెక్క. ఆట ఆపిన నిమిషం, మళ్లీ మొదలైన నిమిషం రెండూ రాసి ఉంటేనే ఈ లెక్క తేలుతుంది. అందుకని మేము స్కోరు పుస్తకం పక్కన ఒక రిజిస్టర్ పెట్టాము: ఆపిన సమయం, అప్పటి లక్స్, మళ్లీ మొదలైన సమయం, అప్పటి లక్స్, కోసిన ఓవర్లు, ఇద్దరు అంపైర్ల సంతకాలు, ఇద్దరు కెప్టెన్ల సంతకాలు. సీజన్ మధ్యలో ఒక రెండు రోజుల మ్యాచ్‌లో శనివారం సాయంత్రం 1,400 దగ్గర ఆపాము. ఆదివారం అవతలి జట్టు లక్ష్యానికి దూరంలో, వికెట్లు పడిపోతూ ఉండగా, 1,900 దగ్గరే వెలుతురు లేదని అడిగింది. రిజిస్టర్ తెరిచి చూపాము. ఆ కెప్టెన్ నిన్నటి సంతకం తనదేనని చూసి, మాట్లాడకుండా వెనక్కి వెళ్లి బ్యాట్స్‌మెన్‌కు సర్దిచెప్పాడు. ఇంకో నాలుగు ఓవర్ల తర్వాత మీటర్ 1,400కు వచ్చింది, ఆపేశాము, మ్యాచ్ డ్రా అయింది. గెలవబోయిన జట్టుకు నిరాశ మిగిలింది గానీ ఒక్క ఫిర్యాదూ రాలేదు.

నియమాలు ముందే తెలియకపోతే ఏం జరుగుతుందో 2007 ప్రపంచకప్ ఫైనల్ చూపించింది. బ్రిడ్జ్‌టౌన్‌లో వాన వల్ల 38 ఓవర్లకు తగ్గిన ఆ మ్యాచ్‌లో శ్రీలంక ఇన్నింగ్స్ మళ్లీ వానకు 36 ఓవర్లకు తగ్గింది, 33 ఓవర్లు అయ్యాక వెలుతురు లేక ఆట ఆగింది. ఫలితానికి అవసరమైన 20 ఓవర్లు ఎప్పుడో పూర్తయ్యాయి, ఆట ఆగినప్పుడు లక్ష్యాన్ని సవరించే డక్‌వర్త్ లూయిస్ లెక్కన ఆస్ట్రేలియా గెలిచినట్టే. వాళ్లు సంబరాలు మొదలుపెట్టాక అధికారులు వెనక్కు పిలిచి మిగిలిన మూడు ఓవర్లు చీకట్లో వేయించారు. గిల్‌క్రిస్ట్ 149 పరుగుల ఇన్నింగ్స్‌తో గుర్తుండవలసిన ఫైనల్‌కు ఆ మచ్చ అంటుకుంది. అక్కడ మీటర్ లోపం ఏమీ లేదు. ఎన్ని ఓవర్లు అయితే మ్యాచ్ పూర్తయినట్టో, లోపల ఉన్నవాళ్లకే ఆ క్షణంలో తట్టలేదు.

లక్ష్యం సవరించే పద్ధతి గురించి కూడా లీగ్‌లు ముందే తేల్చుకోవాలి. 1992 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో సిడ్నీలో 12 నిమిషాల వానకు దక్షిణాఫ్రికా 13 బంతుల్లో 22 చేయవలసిన స్థితి నుంచి ఒక బంతికి 21 చేయవలసిన స్థితికి పడిపోయింది. ఆ అన్యాయం చూసిన తర్వాతే ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్‌ల పద్ధతికి ఆదరణ వచ్చింది; 1997 జనవరి 1న జింబాబ్వే, ఇంగ్లండ్ వన్డేలో దానిని మొదట వాడారు, తర్వాత స్టీవెన్ స్టెర్న్ సవరించాక డీఎల్ఎస్ అయింది. మన లీగ్‌ల్లో ఇప్పటికీ చాలాచోట్ల రన్‌రేట్‌తో సరిపెడతారు. అది ఎంత తప్పో ఆ పద్ధతి పాత పట్టికే చెబుతుంది: పది వికెట్లూ చేతిలో ఉండి 20 ఓవర్లు మిగిలిన జట్టుకు 50 ఓవర్ల ఇన్నింగ్స్ వనరుల్లో, అంటే పరుగులు చేసే అవకాశంలో, 56.6 శాతం ఉంటుంది, ఓవర్ల లెక్కన చూస్తే మాత్రం 40 శాతమే. రన్‌రేట్ లెక్క ఆ తేడానంతా ఛేజింగ్ చేసే జట్టుకు ఉచితంగా ఇచ్చేస్తుంది. అచ్చయిన పట్టిక ఒకటి స్కోరర్ దగ్గర ఉంచితే ఈ తగాదా కూడా పోతుంది.

రెండు రోజుల మ్యాచ్‌లు ఆడించేవాళ్లు ఫాలోఆన్ తేడానూ గమనించాలి. రెండు రోజుల మ్యాచ్‌లో 100 పరుగుల ఆధిక్యం కావాలి. మొదటి రోజు ఒక్క బంతీ పడకపోతే మ్యాచ్ ఆట మొదలైన రోజు నుంచి లెక్కలోకి వస్తుంది, అప్పుడు ఒకరోజు మ్యాచ్‌కు ఉన్న 75 పరుగులు చాలు. సమయం పోయినంత మాత్రాన ఫలితం రాదనుకోవడం కూడా సరికాదు. 2024లో అదే కాన్పూర్‌లో బంగ్లాదేశ్‌తో మొదటి రోజు 35 ఓవర్లే పడి, రెండు, మూడు రోజులు పూర్తిగా పోయినా, భారత్ 34.4 ఓవర్లలో 285 పరుగులు కొట్టి డిక్లేర్ చేసి, అయిదో రోజు ఏడు వికెట్ల తేడాతో గెలిచింది. ఆ మ్యాచ్ తర్వాత మా లీగ్ కెప్టెన్లలో కూడా డిక్లేర్ చేసే ధైర్యం కొంత పెరిగింది, అందుకు నాకు సంతోషంగా ఉంది.

దీపాల కింద ఆడే బాక్స్ క్రికెట్ టర్ఫ్‌ల వాళ్లకు ఈ మీటర్ అంపైరింగ్ కోసం అక్కర్లేదు. అయితే ఏ దీపం మసకబారిందో, టర్ఫ్‌లో ఏ మూల చీకటిగా ఉందో కనిపెట్టడానికి యజమానులకు పనికొస్తుంది. ఫ్లడ్‌లైట్లు లేని మైదానంలో, చలికాలంలో, ఎర్ర బంతితో ఆడించే ప్రతి లీగ్‌కూ నేను దీనిని సిఫారసు చేస్తాను. ఖరీదు రెండు మ్యాచ్ బంతుల కంటే మరీ ఎక్కువ ఉండదు. కొనేటప్పుడు దుకాణంలోనే గోపురం మీద మూత పెట్టి తెర మీద సున్నా వస్తోందో లేదో చూడండి, మూత తీసి గుమ్మం బయటికి వచ్చి రేంజ్‌లు మార్చి చూడండి, తీగ పెట్టెలోకి వెళ్లే చోట వదులుగా ఉందేమో చేత్తో కదిపి చూడండి. సెన్సర్ పెట్టెలోనే బిగించిన మోడళ్లు కొంచెం చవకగా దొరుకుతాయి గానీ, వాటిని నిలువుగా నిలిపి గోపురాన్ని బ్యాట్స్‌మన్ వైపు తిప్పితే తెర కూడా అటువైపే పోతుంది కనుక, అంపైర్‌కు తీగ ఉన్న మోడలే వీలుగా ఉంటుంది.